ఎరువు రాని మంద

ఫిబ్రవరి 4

ఆల్విన్ అన్న నా ప్లాన్ చదివి నవ్వాడు. మంచినీళ్ళు తాగి మళ్ళీ నవ్వాడు.

"ఏం క్యాపిటల్, ఇది బండ్లకా, గొర్లకా?"

నా పేరు అమరావతి కాబట్టి, అన్న బండ్ల షెడ్డులో అందరికీ నేను క్యాపిటల్. దానికి నేనేమీ అనుకోను.

తమిళనాడు చివర సముద్రం దగ్గర ఎర్ర ఇసుక తిన్నెలున్నాయి. మదనపల్లె నుంచి అక్కడిదాకా మోటారు సైకిళ్ళ మీద యాత్ర. మధ్యలో అక్కడక్కడా తారు రోడ్డు దిగి వంకల్లో, గుట్టల్లో, చెరువు మట్టిలో బండి తోలాలి. ఆ ఆగే చోట్లు వెతికి పెట్టడమే నా ఉద్యోగం. నేను నీళ్ళున్న చోటల్లా, నీడున్న చోటల్లా ఆపాను. పుంగనూరు చేరేలోపే ఎనిమిది అయ్యాయి.

"పుంగనూరుకు పోయేదే అరగంట. ఎనిమిదిసార్లు దిగితే వాళ్ళు ఎక్కేదెప్పుడు?"

"ఎండ కదన్నా."

"బండికి ఎండేందమ్మా?"

నాకు తెలిసిన ప్రయాణం ఒకటే. ప్రతి వేసవికీ మా వైపు గడ్డి అయిపోగానే నాయన గొర్లను తోలుకుని కుప్పం దాకా నడుస్తాడు. రాత్రిళ్ళు మంద ఎవరిదో ఒక ఖాళీ చేలో పడుకుంటుంది. చేనుకు ఎరువు, మందతో వచ్చినవాళ్ళకు ఆ ఇంటి తిండి. నీళ్ళు, నీడ చూసుకునే దారి అది. బి.కాం.లో ఇంకో రకం దారి చెప్పలేదు.

ఈ యాత్ర బాగా జరిగితే ఉద్యోగం పర్మనెంటు అన్నాడు ఆల్విన్ అన్న. జరగకపోతే ఏమిటో చెప్పలేదు. మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే. ఉద్యోగం పోతే 'చదివి ఏం సాధించినావు' అని ఎవరూ అనరు. అనకుండా చూస్తారు. అదే కష్టం.

ఇసుక తిన్నెలు చూడాలని నాకేమీ లేదు. ఇది పని.

ఫిబ్రవరి 6

ఇసుక తిన్నెల వీడియోలు చూశాను. పని కోసమే. ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది.

ఫిబ్రవరి 9

యాత్రకొచ్చే వీళ్ళకు కావాల్సింది మంచి దారి కాదు, చెడ్డ దారి. డబ్బు కట్టి మరీ చెడ్డ దారిలో పోతారు. నాయనకు చెబితే నమ్మడు. అందుకని చెప్పలేదు.

పుంగనూరులో బస్సు దిగి పల్లెల వైపు నడిచాను. ఒక ఊళ్ళో టీ కొట్టు దగ్గర ఉన్నదున్నట్టు అడిగాను, ఈ చుట్టుపక్కల అన్నిటికన్నా చెడ్డ రోడ్డు ఎక్కడుందని. బెంచీ మీద నుంచి ఒకాయన లేచాడు. వార్డు మెంబరట, పేరు ఆదినారాయణ.

"ఎవురు పంపిచ్చినారమ్మా నిన్ను?"

"మదనపల్లె ఆఫీసు నుంచి వచ్చినాను సార్. సూసి రాసుకొని పోవాల."

ఆయన తన మోపెడ్ మీద నన్ను ఊరి బయటికి తీసుకుపోయాడు. ఎంత మంచి రోడ్డు! అంటే ఎంత చెడ్డదని. మోకాలి లోతు గుంతలు, మధ్యలో బండరాళ్ళు. "ఈడ ట్రాక్టరు బోర్లా పడె. ఈడ పెండ్లికూతురు కారు దిగబడితే పెండ్లికొడుకు దిగి తోసె, పంచె యాడికో పోయె" అని ఒక్కో గుంత చరిత్ర చెప్పాడు. నేను అన్నీ రాసుకున్నాను, ఫోటోలు తీశాను.

"శానా బాగుంది సార్" అన్నాను.

ఆయన నన్ను ఒకసారి అదోలా చూశాడు. "మీవోళ్ళు ఎప్పుడొస్తారు?"

"మార్చి మొదటి శుక్రవారం. ఆరు బండ్లలో."

"ఆరు బండ్లా!" అని రెండు చేతులూ జోడించాడు. ఈ వైపు జనానికి మర్యాద ఎక్కువ.

ఫిబ్రవరి 12

ప్లాన్ వేసేవాళ్ళకు నేల తెలియాలని ఆల్విన్ అన్న పాత బండి ఒకటి ఇచ్చాడు. స్కూటీ కోసమని ఎప్పుడో తీసుకున్న లైసెన్సు ఇప్పుడు పనికొచ్చింది. టమోటా మార్కెట్ వెనక, పారబోసిన కాయలు చితికిన బురదలో నేర్చుకుంటున్నాను. నాకు తోలాలని కాదు, నేల తెలుసుకోవాలని.

ఈరోజు నేల బాగా తెలిసింది. మోచేతులకు, ఒక చెవికి కూడా.

ఆల్విన్ అన్న వాళ్ళమ్మ గ్లోరీ ఆంటీ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. మందు రాస్తూ కళ్ళు మూసుకుని ప్రార్థన కూడా చేసింది. "ప్రభువా, ఈ బిడ్డకు ధైర్యం దండిగా ఇచ్చినావు, స్తోత్రం. ఇంక బ్రేకు యాడుండాదో గూడా సూపించు."

ఫిబ్రవరి 16

ఆదివారం. ఇంటికి పోయాను.

మొదటి రాత్రి కుప్పం దగ్గర ఆగాలి. లాడ్జి వద్దు, విశాలమైన చేలో గుడారాలు వేసుకోవాలంటున్నారు రైడర్లు. కుప్పం వైపు చేలున్నవాళ్ళు నాయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అడిగాను.

"ఏమని చెప్పేది?" అన్నాడు నాయన. "మా పాప ఆరుగురు మొగోళ్ళతో బండ్ల మీద వస్తాంది, పండుకోను చోటియ్యప్పా అని చెప్పేదా?"

"ఐదుగురే నాయనా. ఆరో ఆమె ఆడామె. మేఘన అని, బెంగుళూరు ఆమె."

"ఆ ఒకామెతో అంతా సరిపోయిందిలే" అంది అమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ. అమ్మ పేరు పూలమ్మ. పేరులోనే మెత్తన.

"నేను బండి మీద పోను కదా. సామాన్ల టెంపోలో పోతా. ఏమన్నా చెప్పుకో నాయనా. నాకు చేను కావాల, అంతే."

నాయన సిగ్నలు కోసం ఇంటి వెనక బండ ఎక్కాడు. గొర్లను అదిలించే గొంతుతోనే ఫోన్లో మాట్లాడతాడు, అయినా గాలికి ఏమీ వినపడలేదు. దిగి వచ్చి మీసం సవరించుకున్నాడు.

"అయిపాయె. కదిరప్ప చేను ఖాళీగా పెడతాడు. తిండి గూడా వాళ్ళదే."

"తిండి గూడానా? ఊరికేనా?"

"రామప్ప మాటంటే ఏమనుకొంటివి?"

నాయనను ఇన్నాళ్ళూ తక్కువగా అంచనా వేశాను. ప్లాన్‌లో కుప్పం ఎదురుగా 'భోజనం ఉచితం' అని రాశాను. ఆల్విన్ అన్న మొదటిసారి నవ్వకుండా తల ఊపాడు.

మార్చి 6

రేపే. ప్లాన్‌లో ఒక్క తప్పు కూడా లేదు.

మార్చి 7

టెంపోలో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు కుదురుగా లేకపోతే దారిది తప్పు కాదు. దారి చాలా నున్నగా ఉంది. అదే గొడవ.

పుంగనూరు దాటి మన చెడ్డ రోడ్డు దగ్గరికి పోయాం. రోడ్డు లేదు. అంటే ఉంది. ఎర్రమట్టి తోలి, నీళ్ళు చల్లి, రోలరు తిప్పి, అటూ ఇటూ సున్నం గీత గీసి, మొదట్లో అరటి చెట్లు కట్టి, మధ్యలో ఇంత పెద్ద ముగ్గు వేసి ఉంది. ఆదినారాయణ పూలదండతో నిలబడ్డాడు. ఊరంతా నిలబడింది.

ఆల్విన్ అన్న హెల్మెట్ తీశాడు. "క్యాపిటల్, గుంతలు యాడ?"

"మొన్న ఉండాయన్నా."

"నువ్వు వచ్చి రాసుకొని పోయినంక మాకందరికీ తల కొట్టేసినట్టాయె తల్లీ" అన్నాడు ఆదినారాయణ. "పైనుంచి ఆరు బండ్లలో వస్తారంటివి. వాళ్ళొచ్చి ఈ గుంతలు సూస్తే ఊరి పరువేం కావాల? ఇంటికొక ట్రాక్టరు మట్టి తోలినాం."

ఒక ముసలామె నా చేయి పట్టుకుంది. "ఒక్క గుంత గూడా మిగల్లేదు, సూసుకో."

నిజంగానే ఒక్కటీ మిగల్లేదు. దండ ఆల్విన్ అన్న మెడలో పడింది. ఆఫీసరు గారు నాలుగు మాటలు చెప్పాలన్నారు. ఆయన గొంతు సవరించుకుని రోడ్డు శానా బాగుందన్నాడు. చప్పట్లు కొట్టారు. రైడర్లందరూ ఒకరి వెనక ఒకరు ఆ రోడ్డు మీద మెల్లగా ఊరేగింపులా పోయారు. మేఘన అక్క బండి తడి ముగ్గు మీద జారింది. మణికట్టు వాచిపోయింది.

ఇప్పుడు ఆమె నా పక్కనే చేతికి కట్టుతో కూర్చుంది. బండి వెనక సామాన్ల మధ్య ఉంది. "కొండలో పడితే ఫోటో పెట్టుకుంటారు. ముగ్గులో పడినానని ఆఫీసులో ఎట్లా చెప్పేది అమరా?" అంటోంది.

వి.కోట దగ్గర ఎండిన చెరువులో బాగా తోలారు, బాగుందన్నారు. ఇది కూడా రాసి పెట్టుకోవాలి. లేకపోతే రేపు నేనే నమ్మను.

అదే రోజు, చీకటి పడింది

కుప్పం దగ్గర కదిరప్ప చేను చేరాం. చేను చుట్టూ ముళ్ళకంప దొడ్డి. తొట్ల నిండా నీళ్ళు. పొయ్యి మీద ఇంత పెద్ద గుండిగలో సంగటి. నాయన మాటకు ఇంత విలువా అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రామప్ప కూతురివా! రామ్మా, రా" అని ఎదురొచ్చాడు కదిరప్ప. బండ్లు చూశాడు. టెంపో చూశాడు. టెంపో వెనక్కి పోయి మళ్ళీ చూశాడు. "గొర్లు యాడమ్మా?"

"గొర్లు యాల మామా?"

"యాలనా? శుక్రవారానికి మంద వస్తాది, చేను దున్నొద్దు అని మీ నాయన ఫోను సేసె. పలమనేరు కాడ నుంచి ఇంకో మందోళ్ళు వచ్చి అడిగితే, రామప్ప వస్తాండాడు పొండి అంటి. ఎరువు పడినంక నాటాలని టమోటా నారు గూడా చెప్పి పెడ్తి."

కదిరప్ప ఒక బండి చుట్టూ తిరిగి వచ్చాడు.

"ఇవి ఏమేస్తాయమ్మా చేనుకు?"

"ఏమీ వెయ్యవు మామా."

"ఏమీనా?"

"కొంచెం పొగ."

నాయనకు ఫోన్ చేశాను. "నువ్వే కదా ఏమన్నా చెప్పుకో అంటివి!" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నిజం చెప్పను సిగ్గాయెనమ్మా. ఎప్పుడూ చెప్పే మాటే నోటికొచ్చె. ఆడికి పోయినంక నువ్వు సర్దుకుంటావులే అనుకొంటి. సదువుకున్నదానివి."

కదిరప్ప ఫోన్ తీసుకున్నాడు. "రామప్పా, నీ మాట నమ్మి చేను బీడు పెట్టుకొని కూసున్నా. రేపు సంతలో నలుగురూ అడిగితే ఏమని చెప్పేది?"

రామప్ప మందతో వస్తానని చెప్పి రాలేదని సంతలో ఒక్క నోట పడితే చాలు. వచ్చే వేసవికి ఎవరూ చేను పెట్టరు. మా వైపు గడ్డి ఉండదు. ఆ గొర్లు తప్ప మాకు ఇంకేమీ లేదు. నా బి.కాం. కూడా వాటి మీదే నడిచింది.

"మంద వస్తుంది మామా" అన్నాను. "నాయన రేపు తెల్లారే బయల్దేరతాడు. వచ్చేదాకా నేను ఈడనే ఉంటా."

ఎందుకన్నానో తెలియదు. ఉండమని కదిరప్ప అడగలేదు కూడా.

ఆల్విన్ అన్న నన్ను పక్కకు పిలిచాడు. "ముందర దారి ఎవురు సూపిస్తారు?"

"ప్లాన్‌లో అంతా రాసినానన్నా."

"ఈరోజు ప్లాన్ సూసినాం కదమ్మా." కాసేపు నేల వైపు చూశాడు. "నడిమధ్యలో దిగిపోయే మనిషికి ఉద్యోగం ఏమని ఇచ్చేది, నువ్వే చెప్పు."

నేను టెంపోలోంచి నా సంచీ దించుకున్నాను.

"తిండి మాత్రం తినండప్పా, ఉడికిపోయింది" అని కదిరప్ప అందరికీ సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టించాడు. ఒకాయన చెంచా అడిగాడు. కదిరప్ప నా వైపు చూశాడు, ఇదీ నీ మందేనా అన్నట్టు.

మార్చి 8

వాళ్ళు పోయారు. మేఘన అక్క రైల్లో బెంగుళూరుకు పోయింది. బండి ఇక్కడే వదిలింది. "వచ్చి తీసుకుపోతాను. ఊరికే పెడితే బ్యాటరీ పోతుంది. రోజూ కొంచెం తోలు" అంది.

అమ్మ ఫోన్ చేసింది. "ఆఫీసు పని మీద పోయి చేనికి కాపలా ఉండావంటనే?"

"అవునమ్మా."

"ఇంటికాడ ఉన్నా ఇదే పని కదే."

నాయన బయల్దేరాడు. ఇసుక చూడాలని నాకు మొదటి నుంచీ లేదు కదా. కాబట్టి నష్టమేమీ లేదు.

మార్చి 9

కదిరప్ప భార్య వెంకటలక్ష్మమ్మ అత్త వరండాలో మంచం వేసింది. "గొర్ల బదులు గొర్లాయన కూతురొచ్చె. మేలేలే, తక్కువ తింటాది" అంటోంది వచ్చినవాళ్ళందరితో.

బ్యాటరీ కోసం కొంచెం తోలాను.

మార్చి 10

బ్యాటరీ కోసం తోలాను.

మార్చి 11

బ్యాటరీ కోసం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. బ్యాటరీ చాలా బాగుంది.

చేను మెత్తగా ఉంది, మలుపులో వెనక చక్రం జారుతుంది. జారనిస్తే దానంతట అదే సర్దుకుంటుంది, భయపడి పట్టేస్తేనే పడతాం. ఇది ఎవరూ చెప్పలేదు, పడి తెలుసుకున్నాను. ఇసుకలో కూడా ఇట్లాగే ఉంటుందేమో. ఊరికే అనుకున్నాను.

"చేను దున్నించే పని తప్పించినావు కదమ్మా" అన్నాడు కదిరప్ప. ఎగతాళో మెచ్చుకోలో తెలియలేదు.

అత్తను వెనక కూర్చోబెట్టుకుని నూనె అంగడి దాకా పోయివచ్చాను. దారంతా నా నడుం పట్టుకుని దేవుళ్ళందరినీ పిలిచింది. "ఎద్దులబండి నయం, ఎద్దుకు గూడా ప్రాణం మీద తీపి ఉంటాది" అంది దిగి. సాయంత్రం మళ్ళీ వచ్చి, ఉప్పు అయిపోయింది పోదామా అంది. ఉప్పు కుండ నిండా ఉంది, నేను చూశాను.

మార్చి 12

ఆల్విన్ అన్న ఫోటో పంపాడు. ఎర్ర ఇసుక. ఆకాశం దాకా ఇసుక. అందులో ఐదు బండ్లు ఇరుసుల దాకా కూరుకుపోయి ఉన్నాయి. మనుషులు తోస్తున్నారు.

వెనకే వాయిస్ మెసేజ్, రొప్పుతూ: "క్యాపిటల్, ఎండెక్కకముందే ఇసుకలోకి దిగండి, నీళ్ళు నీడ ఉండే చోటే ఆగండి అని రాసినావు కదా, ఆ పేజీ సూసి నిన్న అందరం నవ్వినాం. ఇప్పుడు ఎవురూ నవ్వడంలేదు. నీళ్ళుండే ఆ తాటితోపు ఎటుపక్క, తొందరగా చెప్పమ్మా."

చెప్పాను. తర్వాత ఫోటో మళ్ళీ చూశాను. దారి సరిపోయిందో లేదో చూడటానికే.

మార్చి 13

వి.కోట నిన్ననే దాటినామని నాయన ఫోన్ చేశాడు. కదిరప్ప గడప దగ్గర నిలబడి దారి చూస్తున్నాడు, ఏమీ చూడనట్టు. ఎదురుపోయి వస్తానని చెప్పి బండి తీశాను.

మలుపు దగ్గర ముందు దుమ్ము కనిపించింది, తర్వాత గొర్లు, వెనక భుజం మీద కర్రతో నాయన. నన్ను చూడగానే కర్ర ఎత్తాడు.

"ఏయ్! ఆపరా! మంద వస్తాంటే అట్ల వస్తావా? కండ్లు కనపడలేదా? ఎవురి కొడుకువిరా నువ్వు?"

హెల్మెట్ తీశాను. "నీ కూతురినే నాయనా."

నాయన కర్ర దించలేదు. అట్లాగే నిలబడ్డాడు. నాయనతో మంద తోలుకొచ్చిన మునిరాజ మామ కింద కూర్చుని మరీ నవ్వాడు. "రామప్పా, నువ్వు టెంపోలో పంపిచ్చిన పాప ఇదేనా!"

"ఎప్పుడు నేర్చుకుంటివి?" అన్నాడు నాయన చివరికి.

"నేర్చుకోలేదు. బ్యాటరీ కోసం."

నాయన బండిని చూశాడు. నన్ను చూశాడు. మోచేతి మీద మానిన గాయాలు చూశాడు. "సరే, ముందర పో. మెల్లగా పో. హారను కొట్టొద్దు. ముందర పొట్టేలు నిన్ను సూసుకొని వస్తాది."

వచ్చింది. మొదటి గేరులో, నడకకన్నా మెల్లగా, నా వెనక పొట్టేలు, దాని వెనక మందంతా. ఇంత నిదానంగా పడకుండా తోలడం ఎంత కష్టమో ఆల్విన్ అన్న రైడర్లలో ఒక్కరికీ తెలియదు. ఊళ్ళోకి పోయేసరికి జనం ఇళ్ళల్లోంచి బయటికొచ్చారు. కదిరప్ప దొడ్డి తడిక తీసి పట్టుకున్నాడు.

"రామప్ప మాటంటే మాటే" అన్నాడు గట్టిగా, వీధిలో అందరికీ వినపడేలా. "కొంచెం ఆలస్యంగా వస్తాది, అంతే."

మార్చి 15

చేనంతా గొర్లు. వాసనకు మేఘన అక్క బండి కూడా గుర్తుపట్టలేనట్టయింది.

మార్చి 16

ఆల్విన్ అన్న ఇంటికి తిరిగి చేరి ఫోన్ చేశాడు. ఉద్యోగం ఉందని చెప్పలేదు. "వచ్చే నెల ఇంకో జట్టు ఇసుకకే పోతాంది. పుంగనూరు రోడ్డు తీసెయ్. కుప్పం పక్కనే ఇంకో చేను సూడు. ఈసారి టెంపోలో కాదు, ముందర బండి మీద నువ్వు పోవాల. దారి తెలిసిన మనిషి వెనక వస్తే ఏం లాభం?" అన్నాడు. అంటే ఉందన్నట్టే.

నాయనకు చెప్పాను. చేలో గొర్ల మధ్య కదిరప్పతో కలిసి బీడీ తాగుతున్నాడు. అంతా విని బీడీ నలిపి ఫోన్ తీశాడు. ఈసారి బండ ఎక్కలేదు. అక్కడే, కదిరప్ప ముందే, గొర్లను అదిలించే ఆ గొంతుతోనే.

"నారాయణస్వామీ, నేనప్పా, రామప్పను. వచ్చే నెలకు నీ చేను ఒక రాత్రికి కావాల... లేదు లేదు, మంద కాదు. మా పాప. బండ్ల మీద వస్తాండాది... ఆ, మోటరు బండ్లే. మొగోళ్ళు గూడా ఉంటారు. అందరికన్నా ముందర వచ్చేది మా పాప, గుర్తు పెట్టుకో... సూడప్పా, ముందే చెప్తాండా, ఎరువు మాత్రం రాదు."

అవతల ఆయన ఏదో అన్నాడు. నాయన నా వైపు చూసి, మీసం సవరించుకున్నాడు.

"తిండి ఎందుకు పెట్టాలనా? రామప్ప కూతురు కాబట్టి పెట్టాల."

మార్చి 17

నాకు ఇసుక చూడాలని ఉంది. పని కోసం కాదు.